పాడె సుడి తుపాకి

మా నాయన ఎద్దును కొంటే పక్క ఊళ్ల నుంచి కూడా జనం వచ్చి చూసిపోయేవాళ్లు. పళ్లు పట్టి చూడటం, తోక మెలిపెట్టటం, గిట్ట మీద పిడికిలితో తట్టటం, అన్నిటికన్నా ముఖ్యంగా ఒంటి మీద సుళ్లు వెతకటం మా తాత ఆయనకు నేర్పిపోయిన విద్యలు. మూపురం మీది సుడి రాజసుడి, అది ఇంటికి కలిసొస్తుంది. తోక మొదట్లో రెండు పక్కలా ఎదురెదురుగా సుళ్లుంటే అది పాడె సుడి. దాన్ని కొన్నవాడు ఏడాది తిరక్కుండా నలుగురి భుజాల మీద ఊరు దాటుతాడని నమ్మకం. ట్రాక్టర్లు వచ్చాక ఈ విద్యకు గిరాకీ పోయింది. అయితే విద్య వృథా కాకూడదు గదా. మిగిలిందంతా ఆయన ఒక తుపాకి మీద ఖర్చు పెట్టాడు.

మాది బంగారుపాళ్యం అవతల, అడివి అంచున ఉన్న ఊరు. మామిడితోట ఏటవాలుగా ఉంటుంది. పై చెక్క మా నాయనది, కింది చెక్క చిన్నాయనది, మధ్యలో గట్టు. తాత పోయాక భూమి పంచుకున్నారు గానీ తుపాకిని పంచుకోవటం కుదరలేదు. పంట కాపలాకని తాత కాలం నుంచి ఉన్న లైసెన్సు పెద్దకొడుకుగా నాయన పేరుకు మారింది. దాంతో ఇద్దరి తోటలకూ కాపలా ఆయనదే, ఇద్దరి ఇళ్లలోనూ పెత్తనం ఆయనదే. కాయ ఏ మండీకి తోలాలో, మామిడి గున్నల మధ్య శెనక్కాయ ఎప్పుడు విత్తాలో ఆయనే చెప్పేవాడు. చిన్నాయన వినేవాడు. తుపాకి ఉన్నవాడి మాట వినటం మనుషులకు సహజం. నాయన దగ్గర నుంచి ఆ కాపలా పోతే మిగిలేది ఒక ముసలాయనా, ఒక పంచె. ఆ సంగతి ఆయనకు మా అందరికన్నా బాగా తెలుసు.

చట్టం ప్రకారం ఆ తుపాకి శబ్దం చేయడానికే. పందిని బెదిరించవచ్చు, చంపకూడదు. మా పక్క పందులకు ఈ చట్టం క్షుణ్ణంగా తెలుసు. ఎన్నికలొస్తే తుపాకులన్నీ ఠాణాలో అప్పగించాలన్న సంగతి కూడా తెలుసునని మా అమ్మ నమ్మకం. ఆ నెలల్లో అవి పిల్లల్ని కూడా వెంటబెట్టుకొని వచ్చేవి.

తాత నాటి ఒంటిగొట్టం తుపాకికి ఒకసారి అట్లా ఠాణా నుంచి తిరిగొచ్చాక గొట్టం మీద వెంట్రుక లాంటి చీలిక కనబడింది. దాన్ని కాల్చితే పందికన్నా ముందు కాల్చినవాడు బెదురుతాడు. కొత్తది కొనాలని నాయన తీర్మానించాడు. అనుమతి కోసం తిరిగిన తిరుగుడు వేరే కథ, అందులో నవ్వేదేమీ లేదు. చివరికి అనుమతి వచ్చాక నన్ను తిరుపతి నుంచి రమ్మని ఫోన్ చేశాడు.

నేను అక్కడ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. తుపాకులకూ నాకూ ఉన్న సంబంధం పానిపట్టు యుద్ధం దగ్గర ఆగిపోయింది. అయినా తోడు వెళ్లేవాడికి కొంచెం జ్ఞానం ఉండాలి గదా అని వారం పాటు ఫోన్లో వీడియోలు చూశాను. గొట్టం లోపల తుప్పు గుంటలున్నాయా, భుజానికి ఆనించే మడమ కొయ్య ఇనుముతో సరిగ్గా అతుక్కుందా, మరలు వదులయ్యాయా, తూటా పేలాక మిగిలే ఖాళీ డొప్ప ప్రతిసారీ బయటికి వస్తుందా. ఇవన్నీ చూడాలట. పాతది కొంటే అరుగుదలతో బాధ, కొత్తది కొంటే నాసిపనితో బాధ అని అందరూ చెప్పారు. పెళ్లి సంబంధాలకు కూడా ఈ సూత్రం వర్తిస్తుందని అనిపించింది గానీ అమ్మకు చెప్పలేదు.

చిత్తూరులో తుపాకుల అంగడి అంటే సినిమాలో చూపినట్టుండదు. సైకిల్ సామాన్ల అంగడికి గడియలు ఎక్కువ పెట్టినట్టుంటుంది. అంగడాయన లావుపాటి మనిషి, నుదుటి నిండా విభూతి. మమ్మల్ని కూచోబెట్టి టీ తెప్పించి, బల్ల మీద రెండు రైఫిళ్లు పెట్టాడు. రెండూ మీట రైఫిళ్లే. ట్రిగ్గరు కింద ఉంగరంలా ఉన్న మీటను కిందికి తోసి పైకి లాగితే ఖాళీ డొప్ప బయటికి ఎగిరి, కొత్త తూటా లోపలికి దూరుతుంది. పంది మీదికి వచ్చేటప్పుడు మనిషికి కావలసింది ఆ రెండో తూటాయే.

మొదటిది కొత్తది, మన దేశంలోనే చేసింది. చూడ్డానికి దరిద్రంగా ఉంది. కొయ్యకు మెరుగు సరిగా పట్టలేదు, మరల తలలు స్క్రూడ్రైవరు జారి గీరుకుపోయాయి, మీట అంచు చేతికి గీసుకునేంత పదును. రెండోది ఏ జమీందారు ఇంటి నుంచో వచ్చిన పాతది. నల్లగా, నూనె పట్టిన కొయ్య, ఇనుము మీద లతలు చెక్కి ఉన్నాయి.

"ఇది సీమ సరుకు సామీ, దొరల దేశంలో చేసింది," అన్నాడు అంగడాయన పాతదాన్ని నిమురుతూ. "ఇట్లాంటివి ఇప్పుడు చేసేవాళ్లు యాడుండారు."

నేను వీడియోల్లో నేర్చుకున్న ప్రకారం మందు లేని ఉత్త తూటాలు నింపి ఆడించి చూపమన్నాను. ఆయన నా చెప్పుల వైపు ఒకసారి చూసి, సరేనన్నాడు. కొత్తదాంట్లో నింపి మీట ఆడించాడు. గరగరమని శబ్దం చేస్తూ అన్నీ ఒకదాని వెంట ఒకటి బల్ల మీద పడ్డాయి. పాతదాంట్లో మొదటి రెండూ మెత్తగా వచ్చాయి. మూడోది సగంలో ఆగింది. అంగడాయన మోకాలికి ఆనించి ఒక కుదుపు కుదిపాడు. వచ్చింది.

"సీమది గదా. కొంచెం మర్యాదగా అడగాల," అన్నాడు.

"నాయనా, ఇది పట్టుకుంటా ఉండాది," అన్నాను మెల్లగా.

"వయసొస్తే నీకు పట్టుకోదా మోకాలు?" అన్నాడు నాయన. ఆయన అప్పటికే రెండిటినీ ఎద్దుల్ని చూసినట్టు చూస్తున్నాడు. గొట్టంలోకి కన్నుపెట్టి చూశాడు, వాసన చూశాడు, మడమ మీద అరచేత్తో తట్టాడు. కొత్తదాన్ని తిప్పి చూస్తూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. మడమ సన్నబడే చోట, కొయ్యకు ఈ పక్కొకటి ఆ పక్కొకటి, కొమ్మ మొలిచిన చోట పడే కన్నులు రెండున్నాయి. గుండ్రంగా, ఎదురెదురుగా.

రైఫిల్‌ను బల్ల మీద పెట్టి చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"పాడె సుడి," అన్నాడు.

ఎన్నో ఏళ్లుగా తుపాకులమ్ముతున్న మనిషికి ఈ కారణంతో బేరం పోవటం అదే మొదటిసారి అయ్యుండాలి. "సామీ, అది కొయ్య. కొయ్యకు కన్నులుంటాయి," అన్నాడు.

"ఎద్దుకు గూడా ఉండేది వెంట్రుకలే గదప్పా."

"నా మాటిను. పనికి ఇదే మేలు. ఆ పాతది అలమారలో పెట్టుకునేదానికి."

అంగడివాడు పాతది వద్దంటే అది మంచిదన్నమాట. మా నాయన జీవితమంతా పశువుల సంతల్లో నేర్చుకున్న మొదటి పాఠం అది. పాతదాన్ని వెలుగులోకి తీసుకెళ్లి చూశాడు. చెంప ఆనించే చోట కొయ్య చారలు చక్కగా ఒకే చుట్టుగా చుట్టుకొని ఉన్నాయి. రాజసుడి. ఇంకేం మాట్లాడాలి? నేను వీడియోల సంగతి మొదలుపెట్టేసరికి, "నువ్వు చెప్పేది పానిపట్టు పాఠమా?" అన్నాడు. అంగడాయన నవ్వాడు. నేనూ నవ్వాను. చదువుకున్నవాళ్లకు ఎప్పుడు నవ్వాలో తెలుస్తుంది.

పాతది మా ఇంటికొచ్చింది. అమ్మ పసుపు కుంకుమలు పెట్టి హారతిచ్చింది. ఎక్కువసార్లు బాగానే పేలేది. డొప్ప లోపల పట్టుకున్నప్పుడు నాయన దాన్ని మోకాలికి ఆనించి, "రా తల్లీ, రా," అని బతిమాలి కుదిపేవాడు. "నన్ను ఒక్కరోజన్నా అంత మర్యాదగా పిలిచినాడా సూడు," అని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

చిన్నాయన కూడా ఎన్నేళ్లుగానో లైసెన్సు కోసం తిరుగుతున్నాడు. ఆ ఏడు ఆయనకూ వచ్చింది. నేరుగా చిత్తూరు అంగడికెళ్లి, "మా అన్న వద్దని పోయిందేది?" అని అడిగి, చూడకుండానే కొనుక్కొచ్చాడు. దాన్ని తెచ్చి మా ఇంటి అరుగు మీద పెట్టాడు.

నాయన దాని వైపు చూడలేదు. "ఇంటికి పాడె తెచ్చినావు," అన్నాడు.

"మోసేదానికి నువ్వుండావు గదన్నా," అన్నాడు చిన్నాయన.

ఆ సాయంత్రమే నాయన ఒక కట్టడి చేశాడు. గట్టుకు పైన ఎవరి తుపాకీ పేలకూడదు, తనది తప్ప. కింద చిన్నాయన ఇష్టం. చిన్నాయన తలూపాడు. ఒప్పుకున్నట్టే ఉంది, నవ్వినట్టు కూడా ఉంది. అప్పటి నుంచి గట్టు కింద పనివాళ్లు చిన్నాయన్నే అడగటం మొదలుపెట్టారు. ఎరువు ఎప్పుడు వేసేది, కాయ ఎప్పుడు కోసేది. అది చూసి నాయన రోజూ పొద్దున్నే ఇంకా పెందలాడే తోటకు పోసాగాడు, పంది ఉన్నా లేకపోయినా.

ఒక ఆదివారం నేను ఊళ్లోనే ఉన్నాను. తెల్లగా తెల్లవారింది. పై చెక్కలో శెనక్కాయ చాళ్లు నాగలి దున్నినట్టు తిరగబడి ఉన్నాయి. లోపల ఒంటి పంది ఉంది. గుంపులో తిరిగేది కాదు, గుంపు వెళ్లగొట్టిన మగది, దున్నపోతు దూడంత ఉంది. నా చేతికి అమ్మ ఒక స్టీలు పళ్లెం, గరిటె ఇచ్చింది. కుటుంబంలో నా స్థానానికి తగిన ఆయుధమే. నేను గట్టు మీద నిలబడి వాయిస్తున్నాను. కింద నుంచి చిన్నాయన తన రైఫిల్ పట్టుకొని వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

నాయన ఆకాశంలోకి కాల్చాడు. పేలింది. పంది తలెత్తి చూసింది. అటువైపు ముళ్లకంచె, ఇటువైపు నాయన. దానికి నాయన మీదుగా పోవటమే సులువనిపించింది.

నాయన మీట కిందికి తోశాడు. మీట కిందే ఉండిపోయింది. ఖాళీ డొప్ప బయటికి రాలేదు. ఆయన మోకాలికి ఆనించి కుదిపాడు.

"అన్నా, కాల్చనా?" అన్నాడు చిన్నాయన. గట్టిగా అరవలేదు, అన్నం పెట్టనా అన్నట్టు అడిగాడు.

నాయన తల తిప్పకుండా, "వద్దు," అన్నాడు.

పంది నడక పరుగైంది. "రా తల్లీ," అంటున్నాడు నాయన. నా గరిటె ఆగిపోయింది. పక్కన మామిడి చెట్టు ఉంది, రైఫిల్ పారేసి ఎక్కొచ్చు, కనీసం దాని వెనక్కి పోవచ్చు. ఆయన పారేయలేదు. తమ్ముడు చూస్తుండగా పారేసే వస్తువు కాదది.

"అన్నా, కాల్చనా?" అన్నాడు చిన్నాయన మళ్లీ.

"నా చేనురా ఇది," అన్నాడు నాయన. పంది ఆయన కుడి తొడను మోకాలి పైనుంచి చీల్చుకొని అవతలికి పోయి, వెనక్కి తిరిగింది. అప్పుడు చిన్నాయన అడగలేదు. మీట ఆడిస్తూ వరసగా ఆకాశంలోకి కాల్చాడు. గరగరమంటూ ఒక్కటీ ఆగలేదు. పంది కంచెను దూసుకొని అడివిలోకి పోయింది. పాడె సుడి రైఫిల్ ఆ రోజు మా ఇంట్లో ఒకరిని పాడె ఎక్కకుండా ఆపింది. ఈ మాట నేను ఇంతవరకు ఎవరి ముందూ అనలేదు.

తిరుపతిలో పెద్దాసుపత్రిలో చేర్చాం. నరం తెగిందన్నారు, కాలు ఉంటుంది గానీ మునుపటి పని చేయదన్నారు. అటవీశాఖ నుంచి ఒకాయన వచ్చి మంచం పక్కన నిలబడి మొదట అడిగిన ప్రశ్న, "పందికేమన్నా దెబ్బ తగిలిందా?" అని. తగల్లేదని చెప్పగానే ఆయన ముఖం తేటపడింది. తరవాత నాయన ఎట్లా ఉన్నాడో కూడా అడిగాడు. చదువుకున్న మనిషి.

ఊరి నుంచి వచ్చినవాళ్లు పళ్లు తెచ్చేవాళ్లు, ఒక్కో జోకు తెచ్చేవాళ్లు. "ఏమప్పా, పందితో మాట్లాడతా ఉన్నావంట, ఏమనింది?" అనేవాడు ఒకడు. "తల్లీ తల్లీ అని పిలిస్తివంట, అది మగది గదా, కోపమొచ్చింది," అనేవాడు ఇంకొకడు. నాయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. చిన్నాయన మాత్రం జోకులేయలేదు. రోజూ వచ్చి కాళ్ల దగ్గర కూచొని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఒకే మాట చెప్పేవాడు. "కాల్చనా అని అడిగితిని. రెండుసార్లు అడిగితిని. వద్దన్నాడు." అంతే. అబద్ధమేమీ లేదందులో. పంది ఒకసారే పొడిచింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక, నాయన సంతకం చేసిచ్చిన కాగితంతో రైఫిల్‌ను చిత్తూరు అంగడికి తీసుకెళ్లాను. అంగడాయన విప్పి, లోపలి నుంచి గోరంత ఇనుప ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. ఖాళీ డొప్పను పట్టి వెనక్కి లాగే కొక్కి అది. ఎప్పుడో విరిగితే ఎవరో ఇత్తడితో అతికారు. ఆ అతుకు అరిగిపోయి ఉంది.

"తుపాకి సీమదే సార్," అన్నాడు. "కొక్కి మాత్రం ఏ సైకిల్ షాపుదో."

"మీకిది ముందే తెలుసా?"

ఆయన బాధపడ్డాడు. "తెలియకుండా అమ్మితే పాపం గదా సామీ. తెలుసు. అందుకే ఇంకోటి తీసుకోమంటిని. మీ నాయన కొక్కి గురించి అడగలా. సుడి సూసుకున్నాడు. సుడిలో నేనేం మోసం చేయలేదే."

కొక్కిని కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాను. ఇంటికొచ్చి నాయనకు కొక్కి చూపించాను. ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, "పోయింది నువ్వు గదా, ఆ అంగడోడే మార్చి పెట్టుంటాడు," అన్నాడు. "వస్తువు మంచిదే. ఆ పొద్దు నా చెయ్యి వణికింది." పొలంలో నిలబడ్డప్పుడు ఆయన చెయ్యి వణకలేదు, నేను చూశాను. కానీ తను కొన్నది చెడ్డదనేకన్నా తను చెడ్డానని చెప్పుకోవటం ఆయనకు తేలికైనట్టుంది.

కట్టె పట్టుకొని లేచేసరికి కాపు సగమైంది. ఈలోగా లైసెన్సు గడువు ముగిసింది. మళ్లీ రాయాలంటే ఆయన నిజంగా పంట కాపలా కాస్తున్నాడా లేదా అని విచారణ చేయాలట. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు మోటార్ సైకిల్ మీద మా తోటకే వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. నాయన ఆ రోజు గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని, కట్టెను అరుగు కింద దాచాడు.

"తోట చివరిదాకా ఒకసారి పోయొద్దామా పెద్దాయనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నాయన నడిచాడు. కుడికాలు చాళ్లలో గీత గీస్తూ వెంట వచ్చింది. గట్టు దాకా వెళ్లేసరికి చొక్కా తడిసిపోయింది. గట్టు ఎక్కలేకపోయాడు. పట్టుకుందామని నేను పోతే అమ్మ నా చొక్కా పట్టుకొని ఆపింది. "ఎక్కనీ. లేకుంటే పడనీ. నువ్వు పట్టుకుంటే మాత్రం లైసెన్సు పోయినట్టే," అంది.

ఇన్‌స్పెక్టరు ముఖం పక్కకు తిప్పుకొని, గట్టు అవతల ఉన్న చిన్నాయన్ను అడిగాడు. పక్క పొలం రైతు సాక్ష్యం కూడా రాసుకోవాలట. "మీ అన్నగారు తోటకు కాపలా కాస్తున్నారా?"

చిన్నాయన నాయన వైపు చూశాడు. ఆ చెమటను, ఆ కాలిని, ఆ ఇస్త్రీ చొక్కాను తీరిగ్గా చూశాడు. తరవాత చిన్నపిల్లవాడి గురించి చెప్పినట్టు, "కాస్తా ఉండాడు సార్," అన్నాడు. "మా అన్న లేకుంటే ఈ చుట్టుపక్కల ఒక్క కాయ మిగలదు. రాసుకోండి. రోజూ వస్తాడు. నేనే సాక్షి."

పనివాళ్లలో ఎవరో దగ్గారు. దగ్గు కాదని అందరికీ తెలుసు.

చిన్నాయన కాదని చెప్పుంటే నాయన పోట్లాడి ఉండేవాడు. ఆ పోట్లాటతో ఇంకో పదేళ్లు బతికేవాడు కూడా. తమ్ముడు వేసిన భిక్షను ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు. గట్టు మీద చెయ్యి ఆనించి ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు.

"లేదు సార్. నేను కాయడం లేదు," అన్నాడు. "రెండు తోటలకూ వాడే కాస్తాడు. ఇకమీద వాడే."

ఇన్‌స్పెక్టరు కలం ఆపాడు. "అట్లయితే లైసెన్సు వదులుకుంటున్నట్టు రాయాల్సొస్తుంది పెద్దాయనా. కారణం ఏమని రాసేది?"

"కాలు పోయిందని రాయండి. వయసైందని రాయండి." నాయన గట్టు వదిలి ఇంటివైపు తిరిగాడు. కట్టె లేదు, నేనూ పోలేదు. రెండడుగులు వేసి ఆగాడు. "తుపాకి మీద మాత్రం ఏం రాయొద్దు సార్. తుపాకి మంచిదే."

చిన్నాయన గట్టు దాటి పై చెక్కలోకి వచ్చాడు. పనివాళ్లు ఆయన చుట్టూ చేరి, మరుసటి రోజు కోత ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. ఆయన చెయ్యెత్తి చూపించాడు.